టీసీ కోసం తిరగడంలోనే సెమిస్టర్ అయిపోతోంది



డిగ్రీ అడ్మిషన్ల టైం వస్తే మన గ్రూపులో అందరం దోస్త్ గురించే మాట్లాడుకుంటాం. ఏ కాలేజీ మంచిది, ఆప్షన్లు ఎట్లా పెట్టాలి అని. చేరిన తర్వాత కాలేజీ మారాల్సి వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పోస్టు దాని గురించే. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

కాలేజీ మారేది సోకు కోసం కాదు. ఇంటి దగ్గర నాయన మంచాన పడితే మారాలి. హాస్టల్ సీటు రాక రూం కిరాయి కట్టలేకపోతే మారాలి. నెట్ సెంటర్‌లో ఎవరో పెట్టిన ఆప్షన్లకు ఎక్కడో దూరంగా సీటు వచ్చినోళ్లు మారాలి. మారే దారి సక్కగ లేకపోతే మనోళ్లు ఇంకో కాలేజీకి పోరు, ఇంటికే పోతరు. మా హాస్టళ్లలో మేము చూస్తున్నది ఇదే. బయట దాన్ని ‘డ్రాపౌట్’ అంటరు, అంతే.

ఇప్పుడు పద్ధతి ఎట్లా ఉందో చూడండి. ట్రాన్స్‌ఫర్ సాధారణంగా రెండో ఏడాది, మూడో ఏడాది మొదట్లోనే ఇస్తారు. చేర్చుకునే కాలేజీ ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి, పంపే కాలేజీ ఎన్‌ఓసీ ఇవ్వాలి, పైన యూనివర్సిటీ అనుమతి కావాలి. హైదరాబాద్ కాలేజీలు ఎక్కువగా ఉస్మానియా కింద ఉంటాయి. ఉట్నూర్, ఆసిఫాబాద్, భద్రాచలం వైపు కాలేజీలు కాకతీయ కింద ఉంటాయి. అంటే సొంత జిల్లాకు రావాలంటే యూనివర్సిటీయే మారాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్ వేరే, సబ్జెక్టులు కలుస్తాయా లేదా అని చూసుడు వేరే. ఒక్కో సంతకానికి బస్సెక్కి రావాలి. ‘సార్ మీటింగ్‌లో ఉన్నడు, రేపు రా’ అంటే ఆ రోజు కూలి, ఆ రోజు చార్జీ పోయినట్టే.

ఇందులో బయటికి కనబడని దెబ్బ హాజరు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. పాత కాలేజీ రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తారు, కొత్త కాలేజీలో ఇంకా ఎక్కదు. ఆ మధ్యలో పోయిన రోజులు ఎవరి లెక్కలోకీ రావు. దాంతో చదువూ పోతది, ఈపాస్‌లో రెన్యూవలూ ఆగుతది.

ఇంకొకటి ఫీజు బకాయి. రీయింబర్స్‌మెంట్ డబ్బులు సర్కారు నుంచి రాలేదని కొన్ని ప్రైవేట్ కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. కాలేజీలకు బాకీ ఉన్న మాట నిజమే, దాని కోసం అవి బంద్‌లు కూడా చేశాయి. కానీ సర్కారు కట్టాల్సిన అప్పుకు మన పిల్లల మెమోలు తాకట్టా? విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది.

ఆఫీసు స్టాఫ్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. చాలా కాలేజీల్లో పరీక్ష ఫీజులు, స్కాలర్‌షిప్‌లు, టీసీలు అన్నీ ఒక్క క్లర్కే చూస్తున్నడు. ట్రాన్స్‌ఫర్‌కు ఏ కాగితాలు కావాలో ఆయన దగ్గర కూడా రాసిన పట్టిక ఉండదు. అందుకే ఒక్కో రోజు ఒక్కో కాగితం అడుగుతరు. పద్ధతి మారితే ఆయన బరువు కూడా తగ్గుతది.

2016లో దోస్త్ వచ్చాక ఉస్మానియా, కాకతీయ అని లేకుండా ఒకే దరఖాస్తుతో సీటు వస్తోంది. చేరడానికి ఒక దరఖాస్తు చాలినప్పుడు మారడానికి ఎందుకు చాలదు? మేము అడిగేది ఇది:

1. ట్రాన్స్‌ఫర్ తేదీలు, ఏ కాలేజీలో ఏ గ్రూపులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో క్లాసులు మొదలుకాకముందే ఆన్‌లైన్‌లో పెట్టాలి.
2. విద్యార్థి కొత్త కాలేజీలో ఒక్క దరఖాస్తు ఇస్తే చాలాలి. ఎన్‌ఓసీ, మార్కులు పాత కాలేజీ నుంచి వాళ్లే తెప్పించుకోవాలి. వారంలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.
3. ఆ మధ్య రోజుల హాజరును కొత్త కాలేజీ లెక్కలో కలపాలి.
4. ఫీజు బకాయి కాలేజీ, సర్కారు తేల్చుకోవాలి. సర్టిఫికెట్ ఆపొద్దు.
5. సీటుతో పాటే స్కాలర్‌షిప్, హాస్టల్ కూడా మారాలి. మన పిల్లల విషయంలో ఈ పని ఐటీడీఏ చూసుకోవాలి.
6. ప్రతి కాలేజీలో ఒక లెక్చరర్‌కు ఈ బాధ్యత ఇచ్చి, కావలసిన కాగితాల పట్టిక తెలుగులో గోడకు అంటించాలి.

క్రెడిట్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లోనే యూజీసీ రూల్స్ తెచ్చింది. కాలేజీలు మార్కులు ఎక్కిస్తేనే అది పనికొస్తది. కాబట్టి ఇప్పుడే డిజిలాకర్‌లో మీ ఐడీ చేసుకోండి, మీ సెమిస్టర్ల క్రెడిట్లు ఎక్కాయో లేదో చూడండి. ఏ దరఖాస్తైనా నోటి మాటతో వదలొద్దు. రాసి ఇచ్చి, మన కాపీ మీద ఇన్‌వార్డ్ నంబర్, తేదీ వేయించుకోండి. రేపు ‘నువ్వు రాలేదు’ అంటే చూపించడానికి అదొక్కటే ఉంటది.

మీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ కోసం ఎన్ని రోజులు తిరిగారో, ఏ కాగితం దగ్గర ఆగిందో కింద రాయండి. పేర్లు అవసరం లేదు, తేదీలు రాయండి చాలు. అన్నీ కలిపి ఒక వినతిపత్రంగా ఐటీడీఏ పీఓ గారికి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఇద్దాం. ఒక్కరు పోయి అడిగితే ‘రేపు రా’ అంటరు. యాభై మంది తేదీలతో పోతే కూర్చోబెట్టి మాట్లాడుతరు.

జై ఆదివాసీ.