ఐదో కాంటూరు అంటే ఏంటి మాస్టారూ?

డీఎస్సీలో మీకు పోస్టు వచ్చిందనుకుందాం. కైకలూరు అవతల ఆటపాక పక్కనో, కొల్లేటికోట దారిలోనో ఒక హైస్కూలు ఇచ్చారు. ఏడో తరగతిలోకి అడుగుపెట్టి వారం కూడా కాలేదు, వెనక బెంచీ పిల్లాడు లేచి అడుగుతాడు: ‘‘మాస్టారూ, ఐదో కాంటూరు అంటే ఏంటి? మా నాన్న వాళ్ల చెరువు దాని లోపల ఉందంట.’’

మీకు జవాబు తెలుసు. ‘సముద్రమట్టం నుంచి సమాన ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే రేఖ.’ బిట్ల పుస్తకంలో వందసార్లు చూశారు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ ఆ వాక్యం విని పిల్లాడు కూర్చుంటాడు తప్ప, వాడికి ఏమీ తెలియదు. వాడు అడిగింది నిర్వచనం కాదు. వాళ్ల ఇంట్లో రోజూ వినిపించే మాట, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మాట, 2006లో చెరువు గట్లు కొట్టేయించిన మాట. దానికి అర్థం చెప్పమంటున్నాడు.

ఇలా చెప్పి చూడండి. మధ్యలో కాస్త లోతుండే వెడల్పాటి పళ్లెం ఒకటి తీసుకోండి. కొంచెం నీళ్లు పోసి, నీరు ఆగినచోట చుట్టూ మార్కరుతో గీత గీయండి. ఇంకొంచెం పోయండి, మళ్లీ గీయండి. అవే కాంటూర్లు. ఇప్పుడు అన్నే నీళ్లు చెంబులో పోస్తే పైకి పెరుగుతాయి గానీ పక్కకు పాకవు. కొల్లేరు చెంబు కాదు, పళ్లెం. అందులో 5 అడుగుల గీత లోపల ఉన్న విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల గీత దాకా వెళ్తే సుమారు 901. ఎత్తు రెట్టింపయితే సరస్సు దాదాపు మూడింతలయింది! 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు వరకు. దాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండ్ ఎప్పటినుంచో ఉంది. రెండడుగులేగా అని బయటివాళ్లు అనుకుంటారు. చదునైన నేల మీద ఆ రెండడుగుల మధ్య వేల ఎకరాలుంటాయి, వాటి మీద ఆధారపడ్డ ఇళ్లుంటాయి. ఎవరిది న్యాయమో టీచరు తీర్పు చెప్పక్కర్లేదు. గొడవ దేని మీదో పిల్లలకు అర్థమయ్యేలా చేస్తే చాలు.

నీరు పోయే దారి సంగతి చెప్పకపోతే ఈ పాఠం సగమే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో కాలువలు, డ్రెయిన్లు కొల్లేరులోకి వస్తాయి. బయటికి పోవడానికి సహజమైన దారి ఒక్కటే, ఉప్పుటేరు. సముద్రం దాకా దాని పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. లెక్క కోసం కొల్లేరులో నీటిమట్టం 5 అడుగులనుకోండి, అంటే 60 అంగుళాలు. కిలోమీటరుకు ఒక్క అంగుళం వాలు! లెక్కల మాస్టారితో కలిసి చెప్పదగ్గ పాఠం ఇది. ఆ కాస్త వాలుతో నీరు ఎంత నెమ్మదిగా కదులుతుందో ఊహించండి. దానికి తోడు సముద్రం పోటు మీదుంటే ఉప్పునీరే వెనక్కి ఎదురొస్తుంది. మధ్యలో గట్లు అడ్డొస్తే పైనుంచి వచ్చిన వరద పక్కకు పరుచుకునే చోటు కూడా పోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఈ పళ్లెంలోకే. నదీ పరీవాహక ప్రాంతం అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది?

అసలు ఈ గుంట ఎందుకుందని కూడా అడగాలి. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క కృష్ణా వేల ఏళ్లపాటు ఒండ్రు తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. రెండు డెల్టాలూ పెరిగాయి, మధ్యలో పల్లం మిగిలిపోయింది. అదే కొల్లేరు. ఒకప్పుడు సముద్రానికి ఆనుకుని ఉన్న ఈ చోటు ఇప్పుడు తీరానికి దూరమయింది. డెల్టాలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరు పడటానికి ఆ పాత సముద్రానికీ సంబంధం ఉంది. అమ్మ బిందె పట్టుకుని మంచినీళ్ల కోసం ఎందుకు నడుస్తోందన్న ప్రశ్నకు జవాబు కూడా భూమి లోపలే ఉందన్నమాట.

తాడేపల్లిగూడెం వాళ్లకైతే నేలల పాఠం బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. ఉత్తరానికి వెంకట్రామన్నగూడెం వైపు వెళ్లండి, ఎర్రనేల, మెట్ట పంటలు, తోటలు. దక్షిణానికి భీమవరం వైపు వెళ్లండి, నల్లటి ఒండ్రు, వరి, చేపల చెరువులు. ఇక కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలు చరిత్ర పాఠానికే కాదు, శిలల పాఠానికీ పనికొస్తాయి. అవి ఇసుకరాతి కొండలో తొలిచినవి.

ఇంత సరుకు చుట్టూ ఉండి కూడా మనవాళ్లు దీన్ని ఎందుకు వదిలేస్తారంటే, భూమి పాఠాలు మన బడిలో ఎవరి సొత్తూ కాదు. నేల, నీరు సైన్సులో, అక్షాంశాలు, పటాలు సోషల్‌లో. సైన్సు వాళ్లు సోషల్ వాళ్లు చెప్తారనుకుంటారు, సోషల్ వాళ్లు సైన్సు వాళ్ల మీద పెడతారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే రాలేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు లక్షల మంది పోటీపడ్డారు. రాతపరీక్షకు 80, టెట్ వెయిటేజీకి 20 మార్కులు. ఆ లెక్కలో అరమార్కు కోసం బిట్లు బట్టీ పట్టడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు, పట్టండి. కాకపోతే బట్టీ పట్టిన దాంట్లోనే తప్పుంటే?

ఒక చిన్న పరీక్ష. ఎండాకాలం ఎందుకు వస్తుంది? ‘భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి’ అని మనసులో అనుకున్నారా? మీరొక్కరే కాదు. 1987లో అమెరికాలో తీసిన ఒక డాక్యుమెంటరీ కోసం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టా అందుకున్న రోజునే విద్యార్థులను ఇదే అడిగితే ఎక్కువమంది తడబడ్డారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే మనం భోగి మంట చుట్టూ చేరడానికి పది రోజుల ముందు. అప్పుడు దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. కాలాలు మారేది దూరం వల్ల కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల. చంద్రకళలదీ ఇదే తంతు. నెలనెలా చంద్రుడి మీద పడేది భూమి నీడ అనుకునే డిగ్రీ విద్యార్థులు తక్కువేం కాదు. ఆ నీడ పడేది చంద్రగ్రహణం రోజునే.

డీఎస్సీ ఒక్కటే దారి కాదనుకునే వాళ్లకు ఒక మాట. ప్రైవేటు స్కూళ్లలో డెమో క్లాసు అడుగుతారు. అక్కడ పళ్లెం, నీళ్లు, మార్కరు పట్టుకెళ్లినవాళ్లు బోర్డు మీద నిర్వచనం రాసినవాళ్లకంటే ముందుంటారనే నా నమ్మకం. సైన్సు డిగ్రీతో జియాలజీ పీజీ వైపు వెళ్తే యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది, భూగర్భజలాల రంగంలో పనులున్నాయి.

పుస్తకం పక్కన పెట్టి చేయదగ్గ పని ఒకటి చెప్తాను. ఏలూరు అక్షాంశం సుమారు 16.7 డిగ్రీలు. అంటే ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్ర నీడ కాసేపు మాయమవుతుంది. విశాఖలో ఆ తేదీ కొంచెం అటూఇటూ అవుతుంది. ఢిల్లీలో ఎప్పటికీ జరగదు, ఎందుకంటే అది కర్కటరేఖకు పైన ఉంది. రోజూ పన్నెండు గంటల వేళ నీడ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. మేలో పిల్లలకు సెలవులు కాబట్టి మీరొక్కరే చూసుకోవాలి. ఆగస్టులో బడి ఉంటుంది, పిల్లలూ ఉంటారు. మబ్బు పట్టకపోతే చాలు.