మాటల మూట: పాసు



గతమాసమున ఒకనాటి సాయంకాలము మావారు పంచలో కూర్చుండి పరీక్షపత్రములు దిద్దుచుండగా, మా వీథి చివరనుండు ఒక అక్క కన్నీరు తుడుచుకొనుచు మా యింటికి వచ్చినది. ఆమె భర్త గతించి అప్పటికి రెండు మాసములు. మూడెకరముల నల్లరేగడి నేలయు, ఇద్దరు కొమార్తెలును తప్ప ఆమెకు వేరాధారము లేదు. భూమిని తమ పేరికి మార్పించుకొనుటకై ఆనాడు ఒక కార్యాలయమునకు పోయియుండెను.

"పాసుందా అని అడిగినారు అయ్యవారమ్మా. ఉందని ఇచ్చినా. అందరూ నగినారు" అని చెప్పి, కొంగుచాటునుండి ఒక కాగితమును తీసి నా చేతికిచ్చినది. అది ఆమె ఏడవ తరగతి పాసైనట్లు బడివారిచ్చిన పత్రము! వారడిగినది పట్టాదారు పాసుపుస్తకము.

నాకును మొదట నవ్వు రాకపోలేదు. ఆ వెంటనే సిగ్గుపడితిని. ఆమె చేసిన తప్పేమి? పాసు అను మాటకు బడిలో మనము నేర్పిన అర్థము అదియొక్కటియే గదా. నూటికి 35 మార్కులు వచ్చిన పాసు, రానిచో ఫెయిలు. (హిందీకి మాత్రము 20 చాలును. ఆ దయ లెక్కలయందు కూడ చూపినచో ఎందరో తల్లులు సంతోషింతురు.)

ఈ మాటకు మూలము లాటినుభాషలో అడుగు అను అర్థముగల పదము. అడుగు వేయుట, దాటుట, దాటించుట అను భావములనుండియే తక్కిన అర్థములన్నియు పుట్టినవి. పరీక్షను దాటినవాడు పాసు. మనవారు చెప్పు 'ఉత్తీర్ణుడు' అను మాటకును దాటినవాడనియే అర్థము. ఏరు దాటినను, పరీక్ష దాటినను సంస్కృతమున ఒకటే ధాతువు. శాసనసభలో బిల్లు పాసగును. భోజనపు బల్లయొద్ద ఉప్పుగిన్నెను చేతినుండి చేతికి అందించుటయు పాసే. కొండల నడుమ దారియు పాసే. నంద్యాలనుండి గిద్దలూరికి పోవునపుడు మనము దాటు నంది కనుమ అట్టిది. కనుమ యన్నంతనే మీకు పశువుల పండుగ జ్ఞప్తికి వచ్చినదేమో! ఒక మాటకు పలు అర్థములుండుట ఆంగ్లేయుల సొత్తు మాత్రమే కాదు. మరణించుటను వారు దాటిపోవుట యందురు, మనము గతించుట యందుము. రెంటను చావను మాటను నోట పలుకరానిదను జంకు కలదు.

ఇక గ్రామ్యార్థములు. పరస్త్రీయెడ పురుషుడు చేయు అనుచితమైన చొరవను ఆంగ్లేయులు వాడుకభాషలో ఈ మాటతోడనే చెప్పుదురు. మనయింటి పిల్లలు బడిలో చిటికెనవ్రేలు చూపి "పాసు" అన్నచో అయ్యవారు మారుమాటాడక బయటికి పంపవలసినదే. అది వైద్యశాలల మాటనుండి జారి బడి చేరినదని నాకు తోచుచున్నది. రైలులో వేరుసెనగకాయలమ్మువాడు "టైంపాస్, టైంపాస్" అని కేకవేయును. కాలక్షేపమను చక్కని మాట ఉండగా ఇదేల యని నేనన్నచో, కాలక్షేపమనిన హరికథ అనుకొందురు గాని కాయలు కొనరని మావారి వాదము.

ఇట్లు పరభాషాపదములు తెలుగున చేరి వేషము మార్చుకొనుట క్రొత్త గాదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌనుదొర అచ్చట బంగళా కొని, పండితులను కూర్చుండబెట్టి వ్రాతప్రతులను పోల్చి మన కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు నిఘంటువుతో తృప్తినొందక, కచేరీలలోను వ్యవహారములలోను కలిసిపోయిన అన్యభాషాపదములకు వేరుగా మిశ్రభాషా నిఘంటువును కూర్చి 1854లో ప్రకటించెను. కచేరీ మాట తెలియని రైతు ఎంత నష్టపడునో ఆ దొర కన్నులార చూచియుండును. ఆ బంగళా యున్నచోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు.

పాసుపుస్తకము నేటి కచేరీ మాట. 1971 నాటి చట్టముచే అది వచ్చినది. భూమి ఎవరిదో, ఏ సర్వే నెంబరులో ఎంతయున్నదో అందుండును. యజమాని గతించినచో, వారసులు తమకు హక్కు వచ్చిన 90 దినములలోగా రెవెన్యూ అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెనని ఆ చట్టముననే యున్నది. హిందూ కుటుంబములలో వీలునామా లేక పురుషుడు గతించినచో, 1956 నాటి వారసత్వచట్టము ననుసరించి అతని స్వార్జితమున భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు, బ్రతికియున్నచో తల్లికిని సమభాగములు. పిత్రార్జితమున అవివాహితలైన కూతుండ్రకు కొడుకులతోపాటు హక్కును మన రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండియే ఇచ్చినది. దేశమంతటికిని కూతుండ్రకు ఆ హక్కు 2005లో గాని రాలేదు. ఇంత హక్కుండియు, ఆ పుస్తకము అట్ట ఏ రంగో ఎరుగని ఇల్లాండ్రు మనలో ఎందరు లేరు!

పాసుపోర్టు సంగతియు చెప్పవలెను. రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోవుచుందురు. పదవ తరగతి పాసు కానివారి పాసుపోర్టుపై వలస అనుమతి కావలెనను ముద్ర పడును. అట్టి స్త్రీ 30 యేండ్లు నిండనిదే కువైటువంటి దేశములకు పనికి పోరాదు. ఒక పాసు లేనందున మరియొక పాసునకు ముడి పడుట చూచితిరా? అచ్చటికి పోయిన పిదప యజమానులు పాసుపోర్టును తీసి దాచుకొనుట పెద్ద బాధ. పనిమనిషి సమ్మతి లేక అట్లు దాచరాదని కువైటువారే 2015లో చట్టము చేసియున్నారు. పోవువారికి ఈ ఒక్క మాట చెప్పి పంపుడు.

మా అక్క పాసుపుస్తకము ఆమె మరిది పెట్టెలో నుండెను. వెదకి యిచ్చెదనని అతడు వారము దినములు వెదకెను. మావారు పోయి వారి అరుగుపై కూర్చుండిన పిదప గడియలో దొరకినది. పదవ తరగతి చదువుచున్న పెద్దకూతురు తన దస్తూరితో అర్జీ వ్రాయగా, 81వ దినమున దానినిచ్చి రసీదు పుచ్చుకొని వచ్చిరి. ఆ రసీదును చూపుచు ఆమె, "ఇప్పుడు పాసైనట్టేనా అయ్యవారూ?" అని మావారినడిగినది.

"పరీక్ష వ్రాసినావమ్మా. పేపరు ఇంకా దిద్దలేదు" అని వారనిరి.

పుస్తకము ఆమె చేతికి వచ్చినపుడు వ్రాసెదను.