ఉద్యోగం ఎవరి లక్షణం?

క్రిందటి నెల ముదినేపల్లిలో మా బంధువుల యింటికి పెళ్ళిమాటలకని వెళ్ళాను. పెళ్ళికొడుకు అమెరికాలో ఉద్యోగం. జీతమెంత, చేపల చెరువులెన్ని ఎకరాలు, గుడివాడలో యిల్లుందా, హెచ్-1బి యింకా ఎన్నేళ్ళుంది, అన్నీ అడిగారు మనవాళ్ళు. పెళ్ళికూతురు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. “మరి అక్కడికెళ్ళాక మన అమ్మాయి ఉద్యోగం చెయ్యొచ్చా?” అని నేనడిగాను. కాఫీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. “నువ్వు నవలలు రాసుకో అమ్మాయ్, యివన్నీ నీకెందుకూ?” అన్నారు మా బాబాయి.

నాకెందుకో చెబుతాను.

హెచ్-1బి మీద వెళ్ళినవాడి భార్యకిచ్చే వీసా హెచ్-4. దాంతో కాపురం చెయ్యొచ్చు గాని ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే నెలలో కొంత వెసులుబాటు వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు కోసం అతని కంపెనీ వేసే ఐ-140 అనే అర్జీ మంజూరైతే, భార్య పని అనుమతి కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికో గడువు. తీరేలోగా రెన్యూవల్. ఉద్యోగం మీద యిచ్చే గ్రీన్‌కార్డుల్లో మామూలుగా ఏ ఒక్క దేశానికీ ఏటా ఏడు శాతం మించనివ్వరు గనక మనవాళ్ళ వంతు రావటానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అన్నాళ్ళూ యీ రెన్యూవల్ తద్దినం తప్పదు.

మొగుడి కాగితానికీ రెన్యూవల్ వుంది. కాని తేడా చూడండి. కంపెనీ వేళకి అర్జీ పెడితే, జవాబు రాకపోయినా అతను 240 రోజులదాకా అక్కడే పని చేసుకోవచ్చు. భార్యకీ యిటువంటి దయ కొన్నాళ్ళు వుండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకి అది తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకుండా పాతది గడువు తీరిందా, మర్నాడు ఆఫీసు మెట్లెక్కడానికి లేదు.

మా పిన్ని మనవరాలికి సరిగ్గా అదే అయింది. ఆయన కంపెనీ ఆయన కాగితాలు కదిపితే గాని యీ పిల్ల కాగితం కదలదు. వాళ్ళు నవంబరుదాకా కదపలేదు. ఫిబ్రవరిలో గడువు తీరింది. ఆరేళ్ళ ఉద్యోగం. “రేపటినుంచి రావద్దు” అన్నారు. ఆ పిల్ల తల్లికి ఫోనులో “సెలవు పెట్టానమ్మా” అని చెప్పింది. ఆ తల్లి ఊరందరికీ “మా అమ్మాయికేం, మహారాణిలా యింటిపట్టున వుంటోంది” అని చెబుతోంది. ఎవరి అబద్ధం ఎవరికోసమో మీరే ఆలోచించండి.

మా వైపు కౌలు రైతు సంగతి మీకు తెలుసు. 2019 చట్టంలో అతనికి పదకొండు నెలల సాగు హక్కు కార్డు పెట్టారు, అదీ ఆసామి సంతకం చేస్తేనే. ఆ సంతకం కోసం ఆసామి గుమ్మం చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో అనుభవించినవాళ్ళకే తెలుసు. అమెరికాలో మన అల్లుడు కౌలుదారు. మన అమ్మాయి ఆ కౌలుదారు దగ్గర కౌలుదారు!

“వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం, మనమెవరం కాదనటానికి?” అంటారు. నిజమే. నా పోట్లాట వాషింగ్టన్‌తో కాదు, మనతో. పిల్ల చేత రాత్రింబవళ్ళు చదివించి, ర్యాంకులొస్తే వీధంతా స్వీట్లు పంచి, తీరా పెళ్ళినాడు ఆ చదువుని చీరెల పెట్టె అడుగున పెట్టి పంపేది మనం. “దాని జీతం మీద బతకాలా యేం?” అంటారు మరికొందరు. రేపు అల్లుడి ఉద్యోగం పోతే మరో కంపెనీ వెతుక్కోటానికి మామూలుగా వున్న గడువు 60 రోజులు. ఆ గడువు దాటితే భార్య కార్డుకీ విలువుండదు. అయినా బతకటానికేనా ఉద్యోగం? నెల తిరిగేసరికి తన చేతిలో తనదంటూ నాలుగు డబ్బులుండటం ఎలా వుంటుందో మనకి తెలియదా? తెలియకపోతే, అది లేక భర్త జేబు వంక చూసిన రోజులు గుర్తులేవా?

కాబట్టి అమ్మలూ, జాతకాలతో పాటు యిదీ అడగండి. ఐ-140 మంజూరయిందా? ఎప్పుడు? కాకపోతే మా పిల్ల ఎన్నేళ్ళు ఖాళీగా కూర్చోవాలి? పసుపు కుంకుమ కింద యిచ్చే ఎకరం అమ్మాయి పేరనే వుంచండి. కార్డు గడువుకి 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టొచ్చు, ఆ తేదీ అల్లుడి చెవిలో యిప్పుడే వెయ్యండి. అన్నిటికంటే ముఖ్యం, ఉద్యోగం పోయిందని కూతురు చెబితే సిగ్గుపడకుండా వినండి.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే పెళ్ళికూతురు వసారాలోకి వచ్చి, “పిన్నీ, ఆ ఐ-140 సంగతి కాగితం మీద రాసిస్తావా? రేపు ఆయన్నే అడుగుతాను” అంది.

రాసిచ్చాను. రాసుకోమన్నారుగా మా బాబాయి!