బహుమతి ఎద్దుదా, పెంపకానిదా?

ఎద్దు ఏడ్చిన సేద్యం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవని మన పెద్దల సామెత. ఆ ఎద్దుకు పండుగ దినం ఏదైనా ఉన్నదంటే అది కనుమ. ఆనాడు రైతు తన ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలు కట్టి ఊరివారి ముందు నిలుపుతాడు. ఆ నిలపడంలోనే పోటీకి బీజం ఉన్నది. 'నీ జత మేలా, నా జత మేలా' అన్న ప్రశ్న నుండియే పశు ప్రదర్శనలు, బండలాగుడు పోటీలు, ఎడ్లబళ్ల పరుగు పందేలు పుట్టినవి. ఈ పోటీలలో గెలుపు దేనివలన కలుగుతున్నది? ధనబలం వలననా, జాతి వలననా, అదృష్టం వలననా? పల్లెల నుండి వచ్చి కళాశాలలో చదువుకొనే విద్యార్థులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. కావున దానిని ఇక్కడ కొంత విచారింపదలచినాము.

ముందుగా ఒక భేదం గుర్తింపవలెను. పశు ప్రదర్శనలో చూసేది రూపం; బండలాగుడులో చూసేది బలం. ఒంగోలు గిత్తను ప్రదర్శనలో నిలిపినప్పుడు న్యాయనిర్ణేత ఒంటి తెలుపును, ఎత్తైన మూపురాన్ని, మడతలు మడతలుగా వ్రేలాడే గంగడోలును, పొట్టి కొమ్ములను, నల్లని తోక కుచ్చును పరికిస్తాడు. నడిపించి కాళ్ల పొందికను చూస్తాడు. బండలాగుడులో పశువుల పళ్లనుబట్టి విభాగాలు చేస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్దవి. నియమిత కాలంలో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగినదో కొలిచి బహుమతి ఇస్తారు. ఒకచోట కన్ను తీర్పు చెబుతున్నది, మరొకచోట కొలతాడు. అయినను రెండింటికీ వెనుక ఉన్న సాధన ఒక్కటే. ఆ సాధనకు నాలుగు మెట్లు ఉన్నవని మా అభిప్రాయం.

మొదటిది ఎంపిక. చెడ్డ దూడను మంచి మేత బాగుచేయలేదు. ఎరిగిన రైతు సంతకు వెళ్లినప్పుడు మొదట పళ్లు చూసి వయస్సు తెలుసుకొంటాడు. తరువాత వెన్ను, ఛాతీ, గిట్టలు చూస్తాడు. కొందరు సుడులు కూడా చూస్తారు. సుడుల సంగతి నమ్మకానికి సంబంధించినది. గిట్టల సంగతి అట్టిది కాదు. గిట్ట వంకరైన పశువు ఎంత అందంగా ఉన్నా పదడుగులు నడిపిస్తే లోపం బయటపడుతుంది. మన నారాయణవలస సంతలోను, మానాపురం సంతలోను బేరం కుదరకముందు పశువును నడిపించి చూడమని అడిగే రైతును గమనించండి. అతడు ఏ పుస్తకమూ చదవకుండానే న్యాయనిర్ణేత పని చేస్తున్నాడు.

రెండవది మేత. పోటీకి నెల ముందు ఉలవలు, తవుడు, తెలకపిండి కుమ్మరిస్తే పశువు గెలుస్తుందనుకోవడం పొరపాటు. నెమరువేసే జంతువు కడుపు మన కడుపువంటిది కాదు. అందులో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని జీర్ణం చేస్తూ ఉంటవి. గింజ ఒక్కసారిగా పెంచితే ఆమ్లం పెరిగి, పశువు మేత మాని, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. కాబట్టి ఎండుగడ్డి, పచ్చిమేత ఆధారంగా ఉంచి, దాణాను కొద్దికొద్దిగా, రోజుల తరబడి పెంచవలెను. పరీక్షకు ముందు రాత్రి మేలుకొని సంవత్సరం చదువంతా మింగజూచే విద్యార్థి గతి ఏమగునో ఆ పశువు గతియు అదే.

మూడవది మచ్చిక. వేలమంది కేకల మధ్య, మైకుల హోరు మధ్య, కొత్త నేలమీద పశువు బెదరకుండా నిలువవలెను. ఈ స్థైర్యం ఒక్కనాటిలో రాదు. ప్రతి ఉదయం పగ్గం పట్టి నడిపించి, ఒళ్లు రుద్ది, గిట్టలు ఎత్తి చూసి, పేరు పెట్టి పిలిచి సాకిన చేతిని పశువు నమ్ముతుంది. ఆ నమ్మకమే ప్రదర్శన నాడు దాని నిలకడగా మనకు కనబడుతున్నది. కొట్టి లొంగదీసిన పశువు ఇంటివద్ద లొంగుతుంది, జనంలో బెదురుతుంది.

నాలుగవది నిజాయితీ. దీనిని చివర చెప్పినాము గాని విలువలో ఇదే మొదటిది. ఇందుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చూడవలసి ఉన్నది. అమెరికాలో విత్తు కొట్టిన కోడెను 'స్టీర్' అంటారు. మనకు ఎద్దు సేద్యానికి, వారికది మాంసానికి. ప్రయోజనం వేరైనా పెంపకపు శ్రమలో తేడా లేదు. 1902లో ఒహాయో రాష్ట్రంలో చిన్న సంఘంగా మొదలైన ఫోర్-హెచ్ ఉద్యమం క్రింద, 1928లో ఏర్పడిన వ్యవసాయ విద్యార్థుల సంఘం క్రింద, పాఠశాల పిల్లలు తల్లిపాలు మరచిన కోడెదూడను తెచ్చుకొని, ఏడాది దాకా తామే మేపుతారు. అది 550 నుండి 650 కిలోల బరువు వచ్చేనాటికి ప్రదర్శనకు తెస్తారు. కొన్నవెల, దాణా ఖర్చు, పెరిగిన బరువు అన్నీ పుస్తకంలో వ్రాయవలెను. అక్కడ మనం గ్రహింపదగిన విశేషం మరొకటి ఉన్నది. పశువుకు ఒక పోటీ, దానిని పట్టుకొని నిలిపిన పిల్లవానికి వేరొక పోటీ. ఈ రెండవ పోటీలో పశువు సొగసుతో నిమిత్తం లేదు. దానిని ఎంత నేర్పుతో, ఎంత ఓర్పుతో నడిపించినాడన్నదే చూస్తారు. పేదింటి పిల్లవాడు సామాన్యమైన కోడెతో వచ్చి కూడా అందులో గెలువవచ్చును.

అయితే అక్కడ మచ్చ లేకపోలేదు. 1994లో అదే ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతులు పొందిన కొన్ని పశువులకు క్లెన్‌బ్యూటరాల్ అనే నిషిద్ధ ఔషధం పెట్టినట్లు పరీక్షలలో తేలినది. బహుమతులు రద్దయినవి. కండ పెంచడానికి పెట్టిన ఆ మందు పెంచినవారి పరువును తీసినది. పెద్దల డబ్బు, ఆశ పిల్లల పోటీలో చొరబడినప్పుడు జరిగేది ఇదే. మన పోటీలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. బండ కదలనప్పుడు చర్నాకోలతో చావబాదడం, ములుగర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం గెలుపు మార్గాలని తలచేవారు నేటికీ ఉన్నారు.

'కొట్టకపోతే ఎద్దు కదులునా? తరతరాల ఆచారాన్ని తప్పుపట్టడానికి మీరెవరు?' అని కొందరు అడుగవచ్చును. ఆచారంమీద మాకు గౌరవమే ఉన్నది. కాని చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టాన్ని ఆధారం చేసుకొని 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబళ్ల పందేలను నిషేధించినది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రాలు చట్ట సవరణలు చేసుకొన్నవి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించినది. ఈ తీర్పుల మధ్య వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, 2014 తీర్పులో చెప్పిన ఒక మాట నిలిచియే ఉన్నది: పశువుకు ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి, గాయం, వ్యాధుల నుండి, భయం నుండి విముక్తి ఉండవలెను, తన సహజ ప్రవర్తనకు స్వేచ్ఛ ఉండవలెను. ఆలోచించి చూడండి. మంచి రైతు తన పశువులశాలలో అనుదినం చేసేది ఇదే కదా! చట్టం కొత్తగా కోరినదేమీ లేదు. మంచి పెంపకానికి మరొక పేరు పెట్టినది, అంతే.

ఇక మన ప్రాంతపు సంగతి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో సామాన్య రైతు ఇంట ఉండేవి ఒంగోలు గిత్తలు కావు. పొట్టిగా, చురుకుగా ఉండే నాటు పశువులు. చాలీచాలని మేతతో బ్రతికి, వరిమడుల బురదలో దమ్ము పట్టి, మన అన్నానికి ఆధారమైనవి అవే. ఇటువంటి ఎద్దును ఒంగోలు కొలతలతో కొలిస్తే అది ఎన్నడూ గెలువదు. ఓడినది ఎద్దా, కొలబద్దయా? 2019 నాటి పశుగణనలో దేశమంతటా ఆవులు, ఎద్దులు కలిసి సుమారు 19.25 కోట్లు. అందులో స్వదేశీ పశువులు, జాతి నిర్ణయం కానివి కలిపి సుమారు 14.21 కోట్లు, అంతకు ముందటి గణనతో పోల్చితే ఇవి 6 శాతం తగ్గినవి. ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దుకు పని తగ్గినది. పని తగ్గిన పశువుకు గౌరవమైనా దక్కకపోతే దానిని పెంచేదెవరు?

ఒంగోలు జాతి చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉన్నది. మన నెల్లూరు పేరు మీద బ్రెజిల్ దేశంలో 'నెలోర్' జాతి వర్ధిల్లుతున్నది. ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరుగల ఆంబోతు 1960ల తొలిరోజులలో అక్కడికి చేరి, ఆ జాతి మూలపురుషులలో ఒకటైనది. 2023లో అక్కడ వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడవ వంతు భాగాన్ని వేలం వేయగా, పలికిన ధరనుబట్టి ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటినది. మన నేల నుండి వెళ్లిన పశువుకు అక్కడ ఇంత విలువ ఎట్లు వచ్చినది? తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ వయస్సులో ఎంత బరువు అన్నది తరతరాలుగా వ్రాసి ఉంచినారు. మన రైతుకు ఈ జ్ఞానమంతా నోటిలో ఉన్నది. కాగితం మీద లేదు. ఆ వృద్ధునితోపాటు అదియు పోతున్నది.

కావున మన పల్లెలలో పోటీలు నడిపే సంఘాలకు మూడు మాటలు మనవి చేయదలచినాము. మొదటిది, నాటు పశువులకు ప్రత్యేక విభాగం ఉండవలెను. రెండవది, న్యాయనిర్ణేత తన తీర్పుకు కారణాలను అందరి ముందు చెప్పవలెను. ఓడినవాడు ఎందుకు ఓడినాడో తెలిసికొంటేనే మరుసటి ఏటికి మెరుగుపడతాడు. మూడవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది: బహుమతి చదివేటప్పుడు యజమాని పేరుతోపాటు ఆ పశువును సాకిన పాలేరు పేరు కూడా చదువవలెను. తెల్లవారుజామున లేచి కుడితి పెట్టినవాడు, వానలో పచ్చిగడ్డి కోసి తెచ్చినవాడు, గిట్టలో ముల్లు తీసినవాడు అతడు. శాలువా మాత్రం వేరొకరి భుజంమీద పడుతున్నది. ఉర్దూలో 'మెహనత్' అన్నా, తెలుగులో 'కష్టం' అన్నా అర్థం ఒక్కటే. ఆ కష్టానికి పేరు పెట్టి పిలవని సభ ఎంత వైభవంగా జరిగినా వెలితియే.

మన విద్యార్థులు చేయదగిన పని కూడా ఉన్నది. జాతీయ సేవా పథకం శిబిరాలకు పల్లెలకు వెళ్లినప్పుడు వీధులు ఊడ్చి రావడంతో సరిపుచ్చక, ఒక నోటుపుస్తకం వెంట తీసుకొని పోవలెను. ఆ ఊరి పశువుల వయస్సు, ఈతల సంఖ్య, వాటికి పెట్టే మేత, వృద్ధ రైతులు చెప్పే ఎంపిక లక్షణాలు వ్రాసికొని రావలెను. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడి అధ్యాపకులకు ఆ పుస్తకం చూపితే తప్పొప్పులు తెలుస్తవి. కళాశాల కమిటీ పెద్దలు ఈ పనికి ప్రోత్సాహమిచ్చి, రాబోయే సంచికలో ఆ వివరాలకు నాలుగు పుటలు కేటాయిస్తే సంతోషిస్తాము.

గెలిచే ఎద్దును సంతలో కొనవచ్చును. కాని దానిని గెలిపించే ఓర్పు సంతలో దొరకదు. తీర్పు చెప్పేవాడు గడియసేపు చూసి పోతాడు. ఆ గడియ వెనుక వేయి ఉదయాలు ఉన్నవి. ఆ ఉదయాలు ఎవరివో తెలిసికొని బహుమతి ఇచ్చిననాడే మన పోటీలు నిజమైన పోటీలు కాగలవు.