ఒకే విమానం, ఒకే సీటు... ధర మాత్రం దేశానికొకటి

హైదరాబాద్ నుంచి జిద్దాకు వెళ్లే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ ఒకే ధర చెల్లించి ఉంటారని అనుకోవడం సహజం. వాస్తవం తరచుగా అందుకు భిన్నంగా ఉంటుంది. టికెట్టు ఎంత ముందుగా కొన్నారు, పండుగ రోజుల్లో కొన్నారా లేదా అన్న దానిని బట్టి ఛార్జీ మారుతుందని అందరికీ తెలుసు. అదే సంస్థ వెబ్‌సైటును భారతదేశపు పేజీలో చూస్తే ఒక ధర, సౌదీ అరేబియా పేజీలో చూస్తే మరొక ధర కనిపించవచ్చునన్న సంగతి మాత్రం చాలా కుటుంబాలకు తెలియదు. గల్ఫ్‌లో బిడ్డలున్న తల్లిదండ్రులు, ఏళ్ల తరబడి పొదుపు చేసి ఉమ్రాకు సిద్ధమయ్యే వృద్ధులు ఈ తెలియనితనానికి మూల్యం చెల్లిస్తున్నారు.

శంషాబాద్ విమానాశ్రయం మన రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. మన ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. విమానం మనకు ఇంత దగ్గరైనా, దాని టికెట్టు ధర ఎలా తయారవుతుందో మాత్రం మనకు అంతుపట్టని విషయంగానే మిగిలిపోయింది.

దీని వెనుక ఉన్న లెక్క కష్టమైనదేమీ కాదు. విమాన సంస్థలు ప్రతి దేశాన్నీ ఒక వేరు అంగడిగా భావిస్తాయి. ప్రయాణం ఎక్కడ మొదలవుతుంది, టికెట్టు ఏ దేశంలో అమ్ముడవుతుంది అన్న రెండు అంశాలను బట్టి ఛార్జీలు నిర్ణయిస్తాయి. ఈ రెండవదానినే ఆ వృత్తిలోని వారు ‘పాయింట్ ఆఫ్ సేల్’ అంటారు. ఆ దేశంలో పోటీ ఎంత, గిరాకీ ఎంత, అక్కడి ప్రజలు ఎంతవరకు చెల్లించగలరు అన్నవి అందులో కలుస్తాయి. దీనికి తోడు ద్రవ్యపు మారకం ఒకటి. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 చొప్పున స్థిరంగా ఉన్నది. మన రూపాయి అలా కాదు, రోజూ మారుతుంది. రెండు పేజీల్లోని ధరల మధ్య అంతరం ఒకనాడు మనకు అనుకూలంగా, మరొకనాడు ప్రతికూలంగా ఉండటానికి ఇదొక కారణం. ‘విదేశీ పేజీలో ఎప్పుడూ చౌకే’ అన్న మాట నమ్మదగినది కాదు. కొనే రోజున రెండింటినీ పోల్చి చూడటమే మార్గం.

పోల్చేటప్పుడు లెక్క చివరిదాకా వేయాలి. ఉదాహరణకు ఒక టికెట్టు భారతీయ పేజీలో రూ.32,000, సౌదీ పేజీలో 1,250 రియాళ్లు ఉన్నదనుకుందాము. రియాలు 24 రూపాయలైతే రెండవది రూ.30,000. రెండు వేలు మిగిలినట్లు కనిపిస్తుంది. కానీ ఇక్కడి బ్యాంకు కార్డుతో రియాళ్లలో చెల్లిస్తే బ్యాంకు విదేశీ మారకపు రుసుము వేస్తుంది. అది 3.5 శాతమైతే రూ.1,050, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.189. చివరికి మిగిలేది రూ.761 మాత్రమే. అదే టికెట్టును రియాద్‌లో ఉన్న కుమారుడు అక్కడి కార్డుతో కొంటే రెండు వేలూ మిగులుతాయి. నలుగురు ఉమ్రాకు వెళ్లే కుటుంబానికి అది ఎనిమిది వేలు. విదేశంలో మనిషి ఉన్నవారికి తగ్గే ధర, ఎవరూ లేని పేదవాడికి తగ్గదు. ఈ వ్యవస్థలోని అన్యాయం ఇక్కడే ఉన్నది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. బ్యాగేజీ, భోజనం, తేదీ మార్పు రుసుములు రెండు పేజీల్లోనూ ఒకటేనా అని చూడాలి. రద్దు చేసుకుంటే డబ్బు కట్టిన ద్రవ్యంలోనే తిరిగి వస్తుంది, నాటి మారకపు రేటు వేరుగా ఉండవచ్చు. కొన్ని సంస్థలు టికెట్టు కొన్న కార్డును విమానాశ్రయంలో చూపమంటాయి. కుమారుడు అక్కడ కొని తల్లిని ఇక్కడ ఎక్కించేటప్పుడు ఈ నిబంధన ముందుగా తెలుసుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది మరొకటి. జిద్దాలో మొదలయ్యే రానుపోను టికెట్టు చౌకగా ఉన్నదని కొని, మొదటి ప్రయాణం మానేసి, తిరుగు ప్రయాణం మాత్రమే వాడుకోవాలని చూస్తే మిగిలిన టికెట్టును సంస్థలు సాధారణంగా రద్దు చేస్తాయి. టికెట్టును రాసి ఉన్న క్రమంలోనే వాడాలి. ఏజెంటు ద్వారా కొన్నా బుకింగులో మన ఫోను నంబరే ఉండాలి, అసలు ఛార్జీ, ఏజెంటు రుసుము విడివిడిగా రాసిన రశీదు తీసుకోవాలి.

కొత్తగా ఉద్యోగానికి వెళ్లేవారు ధరలు పోల్చడానికి ముందు, ఆ టికెట్టు ఖర్చు ఎవరిదని అడగాలి. సౌదీ కార్మిక చట్టంలోని 40వ అధికరణం ప్రకారం విదేశీ కార్మికుని నియామకపు రుసుములు, ఒప్పందం ముగిసిన తర్వాత స్వదేశానికి తిరుగు టికెట్టు యజమాని భరించవలసినవి. ఈ సంగతి తెలియక, యజమాని పెట్టవలసిన ఖర్చును అప్పు చేసి తామే పెట్టుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి.

పోల్చుకునే అవకాశమే లేనివారు మరొకరున్నారు. వారు హజ్ కమిటీ ద్వారా వెళ్లే యాత్రికులు. వారికి విమాన సంస్థను ఎంచుకునే వీలు లేదు. ప్రతి బయలుదేరే కేంద్రానికీ టెండరు ద్వారా ఛార్జీ ఖరారవుతుంది. 2023లో విజయవాడ తొలిసారిగా హజ్ యాత్రా కేంద్రమైనప్పుడు, అక్కడి నుంచి వెళ్లేవారిపై హైదరాబాద్ కంటే సుమారు రూ.83 వేలు అదనపు భారం పడింది. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1,813 మంది యాత్రికులకు తలా రూ.80 వేల చొప్పున రూ.14.51 కోట్లు మంజూరు చేసి ఆ భారాన్ని తగ్గించింది. అది హర్షణీయమే. అయితే ఆ సొమ్ము ప్రజాధనం నుంచి పోయింది గాని, ఛార్జీ ఎందుకంత పెరిగిందన్న ప్రశ్న అలాగే మిగిలింది. 2024లో కేరళలోనూ ఇదే జరిగింది. కొచ్చి, కన్నూరుల నుంచి సుమారు రూ.86 వేలున్న ఛార్జీ కోజికోడ్ నుంచి సుమారు రూ.1.65 లక్షలుగా ఖరారైంది. నిరసనల తర్వాత కొంత తగ్గించారు. 2020 ఆగస్టు ప్రమాదం తర్వాత కోజికోడ్‌లో పెద్ద విమానాలు దిగకపోవడం ఒక కారణం కావచ్చు. కానీ దాదాపు రెండింతల ధరకు ఆ ఒక్క కారణమే చాలునా అన్నది లెక్కలు బయటపెడితేనే తేలుతుంది.

సుప్రీంకోర్టు 2012లో హజ్ సబ్సిడీని పదేళ్లలో క్రమంగా ఎత్తివేయమన్నది. 2018లోనే కేంద్రం దానిని పూర్తిగా నిలిపివేసింది. సబ్సిడీ మనకు అక్కరలేదని సముదాయంలో ఎందరో అంతకు ముందే అన్నారు. మనం కోరేది దానం కాదు, న్యాయమైన ధర. పూర్తి ఖర్చును సొంత సంపాదనతో భరించే యాత్రికునికి ఆ ధర ఎలా వచ్చిందో తెలుసుకునే హక్కు ఉన్నది.

చట్టం ఏమంటున్నది? 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దైన నాటి నుంచి ఛార్జీల నిర్ణయం సంస్థల చేతిలోనే ఉన్నది. అయినా 1937 నాటి విమాన నియమావళిలోని 135వ నియమం, నిర్వహణ వ్యయం, సేవల స్వభావం, సముచిత లాభం వంటి అంశాలను దృష్టిలో ఉంచుకొని ఛార్జీ నిర్ణయించాలని చెప్పింది. ప్రభుత్వం తలచుకుంటే జోక్యం చేసుకోగలదని 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు దేశీయ ఛార్జీలకు హద్దులు విధించినప్పుడు రుజువైంది. ఐరోపా సమాఖ్య 2008లో చేసిన 1008వ నిబంధన ఒక అడుగు ముందుకు వేసింది. అక్కడి విమానాశ్రయాల నుంచి సాగే ప్రయాణాలలో, కొనుగోలుదారు జాతీయతను బట్టి గాని, సమాఖ్యలో అతని నివాసాన్ని, టికెట్టు అమ్మేవాని స్థానాన్ని బట్టి గాని ఛార్జీలో వివక్ష చూపరాదని 23వ అధికరణంలో రాసుకున్నారు. మన నియమావళిలో ఇంత సూటియైన మాట లేదు.

కనుక మన కోరికలు మూడు. భారతదేశం నుంచి మొదలయ్యే ప్రయాణానికి, కొనుగోలుదారు ఏ దేశపు పేజీలో కొన్నా ఒకే మూల ఛార్జీ ఉండాలన్న నిబంధనను కేంద్ర పౌర విమానయాన శాఖ తీసుకురావాలి. హజ్ టెండర్లలో ప్రతి కేంద్రానికీ ఎన్ని సంస్థలు పోటీ పడ్డాయి, ఛార్జీలో ఏ భాగం దేనికన్నది యాత్రికులు డబ్బు కట్టే ముందే ప్రకటించాలి. ఉమ్రా ఏజెంట్లు టికెట్టు ధరను ప్యాకేజీలో దాచకుండా విడిగా చూపాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగినదీ ఉన్నది. ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం వారానికి ఒక సాయంత్రం, చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టి, ప్రయాణానికి సిద్ధమైన కుటుంబాలకు ధరలు పోల్చి చూపే ఏర్పాటు చేయవచ్చు. ఒక ఫోను, ఒక నోటు పుస్తకం చాలు. ఏ తేదీన, ఏ పేజీలో, ఎంత ధర కనిపించిందో రాసి పెట్టాలి. అన్యాయం కనిపిస్తే ఎయిర్ సేవా పోర్టల్‌లో గాని, 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు గాని ఫిర్యాదు చేయాలి. ‘ఛార్జీలు ఎక్కువ’ అని నోటితో చెప్పిన మాటను కచేరీలలో ఎవరూ పట్టించుకోరు. తేదీ, ధర, రుజువు ఉన్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు. అటువంటి కాగితాలు ప్రతి పల్లె నుంచీ, ప్రతి బస్తీ నుంచీ కదలాలి.