నత్తనడక వెబ్‌సైట్లతో మరుగున పడుతున్న అధికారిక సమాచారం

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున ప్రభుత్వ వెబ్‌సైట్లు మొరాయించడం, లక్షల మంది విద్యార్థులు దిక్కుతోచక సతమతం కావడం దేశంలో ఏటా కనిపించే తంతే. అది ఒక్క పూట ఇక్కట్టు. ఏడాది పొడవునా నత్తనడక నడిచే వెబ్‌సైట్ల వల్ల జరిగే నష్టం అంతకంటే పెద్దది, కంటికి కనిపించనిది. అధికారులు దానిని పట్టించుకున్న దాఖలాలు స్వల్పం.

పేజీ తెరుచుకునే వేగాన్ని గూగుల్ సంస్థ 2010లోనే సెర్చ్ ఫలితాల వరుసను నిర్ణయించే అంశాలలో చేర్చింది. 2018 జులై నుంచి మొబైల్ ఫోన్లలో సెర్చ్‌కూ వర్తింపజేసింది. పేజీలోని ప్రధానాంశం రెండున్నర సెకన్లలోగా కనిపించాలన్నది దాని ప్రమాణం. వేగం ఒక్కటే అగ్రస్థానం కట్టబెట్టదన్నది నిజమే, విషయానికే పెద్దపీట. అయితే విషయం ఇంచుమించు ఒకటే అయినప్పుడు వేగంవైపు తక్కెడ మొగ్గవచ్చు. ప్రభుత్వ నోటిఫికేషన్‌ను ఎత్తిరాసి, చుట్టూ ప్రకటనలు పేర్చుకునే ప్రైవేటు సైట్లకు ఇంతకంటే కలిసివచ్చేది ఏముంటుంది? అసలు వెనుక, నకలు ముందు!

చిక్కు అక్కడితో ఆగదు. గూగుల్ తరఫున సైట్లను చదివిపోయే క్రాలర్లు, సర్వరు చురుకుగా స్పందిస్తే ఎక్కువ పేజీలు చదువుతాయి. సర్వరు చతికిలపడితే రాకపోకలు తగ్గించుకుంటాయి. వేలాది ఉత్తర్వులుండే శాఖ సైటులో నిన్నటి సవరణ సెర్చ్‌కు ఎక్కేసరికి దరఖాస్తు గడువే ముగిసిపోవచ్చు.

కృత్రిమ మేధ రాకతో సమస్య మరింత జటిలమైంది. గూగుల్ ‘ఏఐ ఓవర్‌వ్యూస్’ 2024 ఆగస్టులో భారత్‌లో అందుబాటులోకి వచ్చింది. జవాబు అక్కడే దొరుకుతుంటే పౌరుడు అసలు సైటు దాకా వెళ్లడం తగ్గుతుంది. పైగా పలు ఏఐ క్రాలర్లు జావాస్క్రిప్టును నడపవు. పూర్తిగా దానిపైనే ఆధారపడిన పేజీ వాటికి దాదాపు తెల్లకాగితం. అప్పుడు పింఛను అర్హత గురించి అడిగిన వృద్ధునికి జవాబు వచ్చేది ఎవరో రాసిన అరకొర వివరణ నుంచే.

ఇందుకు కోట్ల రూపాయల టెండర్లు అక్కరలేదు. చిత్రాల బరువు తగ్గించడం, సమాచారాన్ని స్కాన్ కాగితాలుగా కాక అక్షరాలుగా ఉంచడం చాలు. ముఖపత్రంపై అమాత్యుల నిలువెత్తు ఛాయాచిత్రాలను తగ్గించడానికే బహుశా ఎక్కువ ధైర్యం కావాలి! 2015లో మొబైల్ వెబ్‌సైటును మూసివేసి యాప్‌కే పరిమితమైన ఫ్లిప్‌కార్ట్ సైతం, అదే ఏడాది నవంబరులో ‘ఫ్లిప్‌కార్ట్ లైట్’ అనే తేలికపాటి సైటుతో తిరిగి రావలసివచ్చింది.

ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లో మార్గదర్శకాలు రూపొందించింది. 2023లో వాటి మూడో కూర్పు వెలువడింది. ఇక ఏ శాఖ సైటు ఎన్ని సెకన్లలో తెరుచుకుంటున్నదో నెలనెలా ప్రకటించేలా ఆదేశించాలి. కొలిచే సాధనాలు ఉచితంగానే లభిస్తాయి. ఆ కొలత సచివాలయంలోని కొత్త కంప్యూటరుపై కాక, మారుమూల పల్లెలోని చౌక ఫోనుపై జరగాలి.