రోగి నమ్మకాన్ని అడగడమూ వైద్యమే

క్యాన్సర్ అని తేలాక డాక్టరు ముందు కూర్చున్న మనిషి చాలాసార్లు అడిగేది మందుల సంగతి కాదు. ‘ఏ జన్మలో ఏం పాపం చేశానో, నాకే ఎందుకొచ్చింది సార్?’ అంటారు. డాక్టరు స్కానింగ్ రిపోర్టు మీది నుంచి కళ్లెత్తకుండానే ‘టెన్షన్ పెట్టుకోకండి, కీమో మొదలుపెడదాం’ అని తర్వాతి పేషెంటును పిలిపిస్తారు. అందులో నిర్దయ ఏమీ లేకపోవచ్చు. అది తన పని కాదని, పూజారో పాస్టరో మౌల్వీయో చూసుకోవాల్సిన విషయమని ఆయన అనుకుంటారు, అంతే. వైద్యుడు మతబోధకుడు కానక్కర్లేదు, కాకూడదు కూడా. కానీ రోగి నమ్మకాల గురించి అడగడం, చెప్పింది వినడం, దాన్నిబట్టి చికిత్సను సర్దడం ముమ్మాటికీ వైద్యుడి పనే. ఎందుకంటే ఆ నమ్మకాలు డాక్టరు గమనించినా గమనించకపోయినా చికిత్సను నడిపిస్తూనే ఉంటాయి.

ఉపవాసాల సంగతే చూడండి. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం మధుమేహ రోగులతో జరిపిన ఎపిడయార్ అధ్యయనం ప్రకారం టైప్ 2 వారిలో 79 శాతం మంది, టైప్ 1 వారిలో 43 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. టైప్ 2 వారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు మిగతా నెలలతో పోలిస్తే ఏడు రెట్లు దాటాయి. పొద్దున్నే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని పొద్దుగూకే దాకా ఏమీ తినకపోతే అంతకంటే ఏమవుతుంది? కార్తీక సోమవారాలకు, శివరాత్రికి, శనివారం ఒక్కపొద్దులకు కూడా ఇదే లెక్క. ‘షుగరుండి ఉపవాసాలేమిటమ్మా’ అని డాక్టరు కోప్పడితే ఆ తల్లి ఉపవాసం మానదు, డాక్టరుకు చెప్పడం మానేస్తుంది. అదే నెల ముందుగా ‘ఉపవాసాలుంటారా?’ అని మామూలుగా అడిగితే మాత్ర వేళ మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, షుగర్ 70 కంటే దిగితే వెంటనే ఏదైనా తినాలని చెప్పవచ్చు. ఉపవాసం అసలే పనికిరాని వారికి ఎందుకు పనికిరాదో నచ్చజెప్పే చనువు కూడా ఆ ప్రశ్నతోనే వస్తుంది.

జబ్బు ముదిరినప్పుడు ఈ విషయం మరింత బరువెక్కుతుంది. చివరి దశ రోగుల సంరక్షణకు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, మరణానికి దగ్గరైన మనిషి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబ పరిస్థితులు, ఆధ్యాత్మిక వేదన కలగలిసి ఉంటాయని చెప్పింది. వార్డుల్లో ఇది కంటికి కనిపించేదే. ‘ఈ కర్మ ఇప్పుడే అనుభవించేస్తే వచ్చే జన్మకు మిగలదు’ అని మార్ఫిన్ వద్దనే రోగికి మోతాదు పెంచితే ఏం లాభం? ముందు ఆ భయం గురించి మాట్లాడాలి. మీ జబ్బు ఎవరో వేసిన శిక్ష కాదని, కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చిందని, నొప్పి తగ్గించుకోవడం తప్పు కాదని చెప్పడానికి డాక్టరుకు ఏ శాస్త్ర పాండిత్యమూ అక్కర్లేదు. అమెరికాలో ట్రేసీ బాల్బోనీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ముదిరిన క్యాన్సర్ ఉన్నవారిలో 88 శాతం మంది మతం తమకు ముఖ్యమన్నారు. తమ ఆధ్యాత్మిక అవసరాలను వైద్య వ్యవస్థ అంతంతమాత్రంగా పట్టించుకుందనో, అసలు పట్టించుకోలేదనో 72 శాతం మంది చెప్పారు. అదే బృందం 2013లో చూపించింది ఇంకా ముఖ్యం. మత సంఘం అండ బలంగా ఉన్నవారికి చివరి రోజుల్లో ఐసీయూ చికిత్సలు ఎక్కువగా జరిగాయి. అటువంటి వారితోనే వైద్య బృందం కూడా ఆధ్యాత్మిక విషయాలు పట్టించుకున్న చోట అవి తగ్గాయి, హాస్పిస్ సంరక్షణ పెరిగింది. ఇవి పరిశీలనలే కాబట్టి ఇదే కారణమని తేల్చి చెప్పలేం. దేశమూ వేరు. అయినా ‘దేవుడు మహిమ చూపిస్తాడు, వెంటిలేటర్ తీయొద్దు’ అంటూ పొలం తాకట్టు పెట్టే కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ కుటుంబంతో దేవుడి గురించీ ఊపిరితిత్తుల గురించీ ఒకే సంభాషణలో మాట్లాడగలిగేది డాక్టరు ఒక్కరే.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. డాక్టరు మాటకు మంచం మీదున్న రోగి ఎదురు చెప్పలేడు, అటువంటి చోట మతం ఎత్తితే అది ఒత్తిడే అవుతుందని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్లోన్ 1999 నుంచీ వాదిస్తున్నారు. ఆ భయం నిజమైనదే. అందుకే హద్దు కచ్చితంగా ఉండాలి: డాక్టరు తన దేవుణ్ణి రోగి ముందుకు తేకూడదు, మొక్కులూ పూజలూ సలహా ఇవ్వకూడదు, మతం పట్టని రోగిని ఆ ఊసుతో విసిగించకూడదు. ప్రార్థనను మందులా రాసివ్వడానికి ఆధారమూ లేదు. హెర్బర్ట్ బెన్సన్ బృందం 1,802 మంది బైపాస్ రోగులతో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తమ కోసం ఎవరో ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవారిలో 59 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియకుండానే దాన్ని అందుకున్నవారిలో అది 52 శాతమే. అయితే స్లోన్ అభ్యంతరం రోగికి మతం బోధించడానికి వర్తిస్తుంది, రోగిని అడగడానికి కాదు. మూఢనమ్మకాలను ప్రోత్సహించినట్టవుతుందనే వాదనకూ ఇదే జవాబు. తాయెత్తు కట్టించుకుని మందు మానేసిన సంగతి అడిగితేనే బయటపడుతుంది. ఇక నాస్తికుడైన డాక్టరు ఏ నమ్మకమూ నటించనక్కర్లేదు, ఎదుటి మనిషి నమ్మకాన్ని తెలుసుకుంటే చాలు.

టైమెక్కడుందని అడుగుతారు. ప్రభుత్వాసుపత్రి ఓపీ రద్దీ చూసినవారెవరూ ఆ మాటను కొట్టిపారేయలేరు. జలుబుకు వచ్చినవారిని ఇవన్నీ అడగమనడం లేదు. క్యాన్సర్, కిడ్నీ ఫెయిల్యూర్, పెద్ద ఆపరేషన్, ఉపవాసాలుండే మధుమేహ రోగి వంటి సందర్భాలకే ఇది. అమెరికా వైద్యురాలు క్రిస్టీనా పుచాల్స్కీ రూపొందించిన ఫైకా ప్రశ్నలు నాలుగే అంశాల చుట్టూ తిరుగుతాయి: మీకు ధైర్యమిచ్చే నమ్మకమేమిటి, చికిత్స నిర్ణయాల్లో దానికెంత చోటు, తోడుండేవారెవరు, మేమేం చేయాలి. మన ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి వైఖరి, నైతికత, సంభాషణలపై ఏఈటీకామ్ పాఠాలు ఉన్నాయి. ఈ ప్రశ్నలను ఆ పాఠాల్లో, విద్యార్థులను రోగి మంచం పక్కనే నిలబెట్టి నేర్పించాలి. లోతైన వేదన కనిపిస్తే డాక్టరు ఒక్కరే మోయాల్సిన పనీ లేదు. వెల్లూరు సీఎంసీ వంటి మిషన్ ఆసుపత్రుల్లో అందుకు చాప్లిన్లు, అంటే రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండేవారు, ఉంటారు. ప్రభుత్వాసుపత్రుల్లో కనీసం శిక్షణ పొందిన నర్సుకో, సోషల్ వర్కర్‌కో ఆ బాధ్యత అప్పగించవచ్చు. చుట్ట, సారా, అలర్జీ, పాత ఆపరేషన్లు అన్నీ అడిగి రాసుకునే కేస్ షీట్‌లోనే ఉపవాసాలకూ నమ్మకాలకూ ఒక గడి పెట్టి, అందులో రాసింది రౌండ్స్‌లో చదివేలా చూస్తే మొదలుపెట్టడానికి అది చాలు.